స్ట్రట్ బార్ కొనే ముందు స్వీటు డబ్బాని ఒకసారి మెలితిప్పండి

మొన్న ఆదివారం మా నెల్లూరు ఫ్రెండ్ ఒకడు ఇక్కడ చెన్నై పుదుపేటలో కొన్న స్ట్రట్ బార్ చంకలో పెట్టుకుని మా ఫ్లాట్ కిందకి దిగాడు. బానెట్ కింద ఎడమ, కుడి సస్పెన్షన్ల పైకొసల్ని అడ్డంగా కలిపే కడ్డీ అది, ఎర్రగా, నున్నగా మెరిసిపోతోంది. "బావా, ఇది బిగిస్తే ఏలగిరి ఘాట్‌లో బండి రోడ్డుకి అతుక్కుపోద్దంట" అన్నాడు. ఏలగిరి ఎక్కాలంటే 14 హెయిర్‌పిన్ మలుపులు, వాడి ఆశలో తప్పులేదు, పైగా నాలుగేళ్ల కిందట నేనూ ఇలాంటిదే కొన్నవాణ్ణి కాబట్టి నవ్వే అర్హత నాకు లేదు.

కారు బాడీ చూడ్డానికి బండరాయిలా ఉంటుంది గానీ నిజానికి చాలాచోట్ల మిల్లీమీటరుకి అటూ ఇటూగా ఉండే రేకుని మడిచి, స్పాట్ వెల్డింగ్‌తో అతికించిన పెట్టె. ఊళ్లో నులక మంచం ఎగుడుదిగుడు నేల మీద వేస్తే ఒక కోడు గాల్లో ఉంటుంది, దాని మీద తాతయ్య కూర్చోగానే పట్టెలు కాస్త మెలిపడి ఆ కోడు కూడా నేలకి ఆనుతుంది చూడండి, ఒక చక్రం గతుకు ఎక్కినప్పుడు కారు బాడీకి జరిగేదీ అదే. ఈ మెలిని ఎంత ఆపగలదో న్యూటన్ మీటర్లలో, ఒక డిగ్రీకి ఇంత అని కొలుస్తారు. ఈకాలం సెడాన్లలో 20,000 దాటడం మామూలే. అంటే మీటరు పొడవు కడ్డీ బిగించి దాని చివర రెండు టన్నులు వేలాడదీస్తే బాడీ ఒక్క డిగ్రీ తిరుగుతుంది.

ఇక్కడే ఒక చిక్కుంది. బాడీ ఒక స్ప్రింగు, సస్పెన్షన్ ఇంకో స్ప్రింగు, రెండూ ఒకదాని వెనక ఒకటి ఉన్నట్టు లెక్క, కాబట్టి మెత్తగా ఉన్నదే ఎక్కువ కదులుతుంది. సస్పెన్షన్ బలం డిగ్రీకి 1,000, బాడీది 15,000 అనుకుందాం. రెండూ కలిపితే సుమారు 938. బ్రేసులు, అంటే ఇలాంటి ఊతకడ్డీలు వేసి బాడీని పది శాతం గట్టిపరిస్తే అది 943 అవుతుంది. ఖర్చుపెట్టిన డబ్బుకి వచ్చింది ఆ ఐదు! రేసు కార్ల సంగతి వేరు, వాటి స్ప్రింగులు రాళ్లలా ఉంటాయి కాబట్టి బాడీ కూడా దానికి తగ్గట్టు ఉండాలి. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌లో పరిగెత్తే కార్ల లోపల రోల్ కేజ్ గొట్టాలు త్రికోణాలుగా అల్లి ఉండేది ప్రాణం కోసమే అయినా, బాడీని బిగపట్టే పని కూడా అవి చేస్తాయి. ఇంటి కారులో దాన్ని పెట్టుకోకండి, హెల్మెట్ లేని తలకి ఆ గొట్టమే ప్రమాదం.

సరే, గట్టిదనం ఎక్కణ్నించి వస్తుంది? ఇంట్లో ఖాళీ స్వీటు డబ్బా తీసుకోండి. మూత తీసి రెండు చివర్లూ పట్టుకుని తువ్వాలు పిండినట్టు తిప్పితే సులువుగా మెలి తిరుగుతుంది. మూత పెట్టి, చుట్టూ టేపు వేసి మళ్లీ తిప్పండి, కదలదు. అట్ట అదే, మందం అదే, మూసేశామంతే. 40 మిల్లీమీటర్ల వ్యాసం, 2 మిల్లీమీటర్ల మందం ఉన్న ఇనప గొట్టాన్ని పొడవునా ఒక్క గీత చీలిస్తే మెలిని తట్టుకునే బిగువు సుమారు 270 రెట్లు పడిపోతుంది. పైకప్పు కోసేసిన కన్వర్టిబుల్ కార్లకి కింద ఇంటూ ఆకారంలో బ్రేసులు వేసేది ఈ లోటు పూడ్చడానికే. మామూలు కార్లలోనూ సీట్ల మధ్య పొడుగ్గా ఉబ్బి ఉండే టనెల్ కిందివైపు తెరిచే ఉంటుంది, అక్కడ అడ్డంగా పట్టీ వేస్తే ఎంతోకొంత డబ్బాకి మూత పెట్టినట్టే.

ఇప్పుడు మా వాడి ఎర్ర బార్ దగ్గరికి వద్దాం. మన హ్యాచ్‌బ్యాకులన్నిటికీ దాదాపుగా ముందు మాక్‌ఫర్సన్ స్ట్రట్టే, అంటే స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి ఒకే నిలువు కాలుగా ఉండేది, 1950ల మొదట్లో బ్రిటిష్ ఫోర్డ్ కార్లతో జనంలోకి వచ్చిన ఏర్పాటు. మలుపులో టైరు దగ్గర 300 కిలోల పక్కతోపు పడిందనుకోండి. చక్రాన్ని కింద బాడీకి కలిపే ఆర్మ్ కీలు నేలకి 20 సెంటీమీటర్ల ఎత్తులో, స్ట్రట్ పైకొస 80 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే, గునపం లెక్కన పైకొస మీద పడేది 100 కిలోలు, కింది కీలు మోసేది 400. బానెట్ ఎత్తగానే కనబడేది పై బార్, అసలు బరువు పడేది కింద! ఇంకోటి, మలుపులో రెండు టవర్లూ, అంటే స్ట్రట్ పైకొసలు బిగించే బాడీ భాగాలు, ఒకే వైపుకి నెట్టబడతాయి, ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ. బయటిది 100, లోపలిది 40 అయితే మధ్యలో బార్ మోసేది ఆ తేడాలో సగం, అంటే మహా అయితే 30 కిలోలు.

అందుకే నన్నడిగితే మొదట కింది ఆర్మ్ బుష్‌లు, అంటే కీళ్లలోని రబ్బరు తొడుగులు చూసుకోండి. పాతబడిన రబ్బరు సాగేంత దూరం బాడీ రేకు ఎప్పటికీ వంగదు. తర్వాత ఆ ఆర్మ్‌లు బిగించే చట్రం, సబ్‌ఫ్రేమ్‌కి కింది బ్రేస్, అదీ మన స్పీడ్ బ్రేకర్లకి తగలకుండా ఉంటేనే. వెనక రెండు చక్రాల్నీ కలిపే టార్షన్ బీమ్ అనే దూలం ఉన్న బండికి డిక్కీలో వేసే బార్ మాత్రం నాకు శుద్ధ దండగ అనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ పక్కతోపు బీమ్ ముందున్న బుష్‌ల గుండా బాడీలోకి పోతుంది, షాక్ అబ్జార్బర్ పైకొసకి వచ్చేది ఎక్కువగా నిలువు బరువే.

అయినా పై బార్ కావాలంటే రంగు చూడకండి, కొసలు చూడండి. చాలా చవక బార్లకి రెండు కొసల్లోనూ ఒక్కో బోల్టుతో తిరిగే కీలు ఉంటుంది. నా మొదటి బార్ అదే రకం, పైగా ఇంజిన్‌కి తగలకుండా మధ్యలో విల్లులా వంచారు. వంచిన కడ్డీని నొక్కితే అది ఇంకాస్త వంగుతుంది, అంతే కదా. ఆరు నెలలకి గతుకు ఎక్కినప్పుడల్లా టక్కు టక్కుమని చప్పుడు మొదలైంది. చిత్తూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మా మెకానిక్ బోల్టు ఊడదీసి, బ్రాకెట్ కన్నంలో వేలు పెట్టి తిప్పి, "చూడన్నా, కన్నం కోడిగుడ్డు మాదిరి అయిపోయుండాది" అన్నాడు. పల్చటి ప్లేటు, వదులు బోల్టు, రోజూ ఊగిసలాట. అందుకని తిన్నగా, కీళ్లు లేకుండా ఒకే ముక్కగా వెల్డ్ చేసింది తీసుకోవాలి, వీలైతే ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ, ఫైర్‌వాల్‌కి కూడా కలిపే మూడు కాళ్లది, అప్పుడే త్రికోణం ఏర్పడుతుంది. అల్యూమినియం అయితే అదే సైజు ఉక్కులో మూడో వంతు బిగువే ఇస్తుంది, కాబట్టి లావుగా ఉండాలి. ఖరీదైన హై టెన్సైల్ ఉక్కు అని మురిసిపోవద్దు, అది విరగడానికి మొండికేస్తుంది గానీ సాగడంలో మామూలు ఉక్కుతో సమానమే.

బండిని మార్చడం మీద మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా గట్టిగానే చెప్పింది, కాబట్టి బిగించే ముందు ఇన్సూరెన్స్ వాళ్లకి ఒక మాట చెప్పి ఉంచండి. గుద్దుకున్నప్పుడు ఒక టవర్ దెబ్బని ఈ బార్ రెండో టవర్‌కి అంటించగలదు, అప్పుడు బిల్లు రెండు పక్కలకీ పడుతుంది.

ఇదంతా కాఫీ తాగుతూ ఓపిగ్గా విని, మా వాడు ఆ సాయంత్రమే బార్ బిగించేశాడు. బానెట్ ఎత్తితే బాగుందట. దానికి నా దగ్గర లెక్క లేదు.