వేరు వేరే, ఆకు వేరే

సిరొంచలో మా పెద్దమ్మ సంచిలోంచి తీసి నా చేతిలో పెట్టిన పొట్లం మీద అక్షరాలన్నీ మరాఠీవే. పెద్దమ్మకు మరాఠీ మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. "ఇది మన పెన్నేరు గడ్డనే కదా బిడ్డా? రాత్రి పాలల్ల కలుపుకొని తాగితె మనాది తగ్గుతదట, నిద్ర వడ్తదట" అంది. పెన్నేరును, అంటే అశ్వగంధను, మరాఠీలో ఆస్కంద అంటారు. పొట్లం మీద పెద్దగా ఉన్నది ఆ మాటే. దాని కింద సన్నగా ఇంకో మాట ఉంది: పంచాంగ చూర్ణం. ఉగాదికి చదివించుకునే పంచాంగం కాదిది. వేరు, బెరడు, ఆకు, పువ్వు, కాయ, ఐదూ కలిపి దంచితే ఆయుర్వేదంలో దాన్ని పంచాంగం అంటారు. పెద్దమ్మ కావాలనుకున్నది గడ్డ, అంటే వేరు. పొట్లంలో ఉన్నది మొక్క మొత్తం. ఆ తేడా ఎంతటిదో చెప్పేసరికి పొద్దు గూకింది.

సిరొంచ మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో ప్రాణహిత గట్టున ఉంటుంది. ప్రాణహిత గోదావరిలో కలిసే చోటు దగ్గరే, అవతల కాళేశ్వరం. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. అందుకే ఇక్కడ ఒక్కో మందుమొక్కకు రెండు మూడు పేర్లు నడుస్తాయి. పెన్నేరు వేరు గుర్రం వాసన వేస్తుందని సంస్కృతంలో అశ్వగంధ అన్నారు. శాస్త్రీయ నామం విథానియా సోమ్నిఫెరా. సోమ్నిఫెరా అంటే లాటిన్‌లో నిద్ర తెచ్చేది. చరక సంహిత బలాన్నిచ్చే పది మూలికల్లో దీన్ని చేర్చింది.

మొక్క కుటుంబం మాత్రం తప్పక గుర్తుంచుకోవాల్సిన సంగతి. వంకాయ, మిరప, టమాటా, పొగాకు, ఉమ్మెత్త అన్నీ పెన్నేరుకు చుట్టాలే. ఈ వంశంలో ఒకే మొక్కకు ఒకచోట తిండి, ఇంకోచోట విషం ఉండటం మామూలు. ఆలుగడ్డ కూర వండుకుంటాం, ఆ మొక్కకు కాసే పచ్చి కాయలు మాత్రం నోట పెట్టం. టమాటా పండు తింటాం, ఆకు తినం.

పెన్నేరులో పనిచేసే పదార్థాల్లో ముఖ్యమైనవి విథనోలైడ్లు. 28 కార్బన్ పరమాణువులతో అల్లిన స్టెరాయిడ్ చట్రం, దాని చివర లాక్టోన్ అనే వలయం. పోలిక కొలెస్ట్రాల్‌కు దగ్గర. ఎండు వేరులో ఇవి సాధారణంగా ఒక శాతం కూడా ఉండవు. వీటిలో విథాఫెరిన్ ఎ నిర్మాణాన్ని 1965లో ఇజ్రాయెల్‌లో డేవిడ్ లావీ బృందం తేల్చింది. ఇంకొకటి విథనోలైడ్ ఎ. ఈ రెండింటి లెక్క ఒకటే: 28 కార్బన్లు, 38 హైడ్రోజన్లు, 6 ఆక్సిజన్లు. తూకం కూడా ఒకటే. అదే ఇటుకలతో కట్టిన రెండు ఇళ్లలో తలుపులు వేర్వేరు గోడలకు పెట్టినట్టు, ఆక్సిజన్లు కూర్చున్న చోట్లు మారాయి, అంతే. గుణం మాత్రం దేనిది దానిదే.

విథాఫెరిన్ ఎ దుడుకైనది. ప్రోటీన్లలో సిస్టీన్ అనే అమైనో ఆమ్లం ఉన్నచోట దానిలోని గంధకాన్ని పట్టుకుందంటే వదలదు. ప్రయోగశాలల్లో క్యాన్సర్ కణాలను అది చంపగలగడానికి కారణం ఇదే, కాన్సర్ పరిశోధకులకు దాని మీద అంత ఆసక్తి ఉండటమూ ఇందుకే. కానీ ఆ పట్టు మంచి కణాన్ని చూసి విడిచిపెడుతుందని భరోసా లేదు. విథనోలైడ్ ఎ అంత దూకుడుది కాదు. జపాన్‌లోని టొయామా శాస్త్రవేత్తలు ఎలుకల నాడీకణాలకు దాన్ని అందిస్తే, దెబ్బతిన్న కణాల కొమ్మలు మళ్లీ సాగాయి. ఇక అసలు విషయం: విథాఫెరిన్ ఎ ఆకులో ఎక్కువ, విథనోలైడ్ ఎ వేరులో ఎక్కువ. పెద్దమ్మ పొట్లంలో రెండూ కలిసిపోయి ఉన్నాయి, ఏది ఎంతో రాసి లేదు.

మరి మనాదికి ఇది పనిచేస్తుందా? మనసుకు గుబులు కలిగితే మెదడులోని హైపోథాలమస్ అనే భాగం పిట్యుటరీ గ్రంథికి కబురు పెడుతుంది. పిట్యుటరీ ఆ కబురును మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులకు చేరవేస్తుంది. అవి కార్టిసాల్ వదులుతాయి. పొద్దున ఎక్కువగా ఉండి రాత్రికి తగ్గాల్సిన ఆ హార్మోన్, రోజుల తరబడి దిగులు పెట్టుకున్న మనిషిలో తగ్గాల్సినంత తగ్గకపోవచ్చు. 2012లో అచ్చైన ఒక పరిశోధన హైదరాబాద్‌లోనే జరిగింది. ఒత్తిడితో బాధపడే 64 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు వేరు సారం 300 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు, 60 రోజులు ఇచ్చారు. రెండో జట్టుకు మందు లేని మాత్ర. మొదటి జట్టులో రక్తంలోని కార్టిసాల్ సుమారు 28 శాతం తగ్గింది, రెండో జట్టులో సుమారు 8 శాతం. 64 మంది చిన్న లెక్కే. అయినా దిశ తెలుస్తోంది. అక్కడ ఇచ్చింది వేరు నుంచి తీసిన సారమని మరవకూడదు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది 2015లో వచ్చిన మరో ఫలితం. మెదడును నెమ్మదింపజేసే గాబా అనే రసాయనానికి నాడీకణాల మీద గ్రాహకాలు ఉంటాయి. పెన్నేరు వేరు నుంచి నీళ్లతో తీసిన సారం ఆ గ్రాహకాలను కదిలించింది. అదే విథాఫెరిన్ ఎ, విథనోలైడ్ ఎ విడివిడిగా ఇస్తే కదల్లేదు. ఆ పని చేస్తున్నది వేరులోని ఇంకేదో. ఆకు కథ మరొకటి: 2017లో జపాన్‌లోని సుకుబా విశ్వవిద్యాలయం వాళ్లు ఆకు సారంలోని ట్రైఇథిలీన్ గ్లైకాల్ అనే చిన్న పదార్థం చిట్టెలుకలను నిద్రపుచ్చిందని చూపారు. సీసా మీద విథనోలైడ్లు ఇంత శాతం అని రాసినంత మాత్రాన లోపలి సంగతి మొత్తం చెప్పినట్టు కాదని అందుకే అంటాను. పాలలో కలపమన్న పాత మాటకు మాత్రం రసాయన శాస్త్రంలోనూ అర్థం ఉంది. విథనోలైడ్లు నీళ్లలో సరిగా కరగవు, కొవ్వుతో వాటికి పొత్తు.

ఇక జాగ్రత్తల సంగతి. 2020లో ఐస్‌లాండ్, అమెరికా వైద్యులు అశ్వగంధ ఉన్న మందులు వాడాక కాలేయం దెబ్బతిన్న అయిదుగురి గురించి రాశారు. మన ఆయుష్ మంత్రిత్వ శాఖ 2021 అక్టోబరులో తయారీదారులకు అశ్వగంధ ఆకు వాడొద్దని సూచించింది. డెన్మార్క్ 2023లో మొక్కనే నిషేధించింది. అది అతి జాగ్రత్త అని నా అభిప్రాయం, కానీ ఆకు విషయంలో మనవాళ్లు చెప్పింది సబబే. గర్భిణులు దీని జోలికి పోకూడదు. థైరాయిడ్ హార్మోన్లను ఇది పెంచగలదు, నిద్రమాత్రల మత్తుకు తోడవగలదు.

ఆ మాట దగ్గర పెద్దమ్మ నన్ను ఆపింది. "నేను రోజు పొద్దున పరిగడుపున ఏసుకునే గోలీ థైరాయిడ్‌దే కదా?" అంది. అదే. అప్పుడు చూశాను, పొట్లం మూతి ఇంకా విప్పలేదు.

"మరి గడ్డ ఒక్కటే దొరుకుతదా?" అని అడిగింది. దొరుకుతుంది. కిరాణా కొట్టులో పొడి కాకుండా ఎండు ముక్కలే అడగాలి: పైన లేత గోధుమ రంగు, విరిస్తే ఫట్‌మని విరిగి లోపల తెల్లగా పిండిలా కనబడాలి. పొడిలో ఆకు కలిసినా కంటికి తెలియదు, ముక్కలో ఆ మోసం కుదరదు. ముందు రక్తపరీక్ష, డాక్టరుకు చూపించడం, ఆ తర్వాతే పాలు. సోమవారం ఇద్దరం కలిసి దవాఖానకు పోదామనుకున్నాం. పొట్లం నా సంచిలోకి వచ్చింది.