తాళాలు మామ్మవి, పట్టా కొడుకులది

ఇప్పటి ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు పాత తెలుగు ఇళ్లలో మామ్మ మాటకు తిరుగుండేది కాదు. భోషాణం తాళాలు ఆవిడ బొడ్లో ఉండేవి. గాదెలోంచి ధాన్యం ఎంత తియ్యాలి, ఏ కూతురికి సారె ఎంత పెట్టాలి, మనవరాలిని ఆంధ్రా వైపున్న పాతపట్నం సంబంధానికి ఇవ్వాలా వద్దా, అన్నీ ఆవిడ తేల్చాల్సిందే. బయట ఎంత పెద్దమనుషులైనా కొడుకులు "అమ్మనడిగి చెప్తాను" అనేవాళ్లు. అంత పెత్తనం చేసిన మనిషి పేరు పట్టాలో కనపడదన్న సంగతి వాటాల గొడవ వచ్చినప్పుడే గుర్తొచ్చేది.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడేదాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోది. అక్కడి కోర్టులు పాటించిన మితాక్షర అనే పాత హిందూ వారసత్వ పద్ధతిలో కొడుకులు ఆస్తి పంచుకుంటే తల్లికి వాటా లేదు, దక్కేది మనోవర్తి, అంటే పోషణ ఖర్చు. బొంబాయి వైపు తల్లికీ ఓ వాటా తీసిపెట్టేవారు, మనకు ఆ భాగ్యమూ లేదు. పంపకాలయ్యాక ఆవిడ నెలకో కొడుకు దగ్గర వంతుకు వెళ్లాలి. నిన్నటిదాకా ఇంటిల్లిపాదికీ తీర్పులు చెప్పిన మనిషి ట్రంకుపెట్టె సర్దుకుని, ఈ నెల ఎవరి వంతురా అని అడగాలి. సొంతమనుకోడానికి ఒంటిమీది బంగారం, పుట్టింటివాళ్లు పసుపుకుంకుమల కింద రాసిచ్చిన భూమి చెక్క ఏదైనా ఉంటే అది.

1937 హిందూ స్త్రీల ఆస్తి హక్కు చట్టం భర్త పోయినావిడకు కొడుకుతో సమానంగా వాటా ఇచ్చింది గానీ బతికున్నంతకాలం అనుభవించడానికే. 1956 హిందూ వారసత్వ చట్టం ఆ పరిమితి తీసేసింది. కొడుకు వీలునామా రాయకుండా పోతే అతని భార్యాపిల్లలతో పాటు తల్లీ మొదటి తరగతి వారసురాలేనని అందులోనే ఉంది. ఇది తెలిసి అడిగిన తల్లులు మాత్రం అరుదు.

సరిహద్దు మెలిక ఆ తర్వాతది. 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా ఆంధ్రప్రదేశ్ కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కిచ్చింది, అప్పటికే పెళ్లయినవాళ్లను మినహాయించి. ఒడిశా అలాంటి సవరణ తేలేదు. 2005 సెప్టెంబరు 9న కేంద్ర సవరణ వచ్చేదాకా, పాతపట్నం వైపు ఉమ్మడి భూమిలో ఆడపిల్లకున్న హక్కు కూతవేటు దూరంలోని పర్లాకిమిడి వైపు భూమిలో లేదు. ఇరవై ఏళ్లు అలాగే నడిచింది.

2015లో ఢిల్లీ హైకోర్టు, అందరిలోకీ పెద్దదైతే కూతురు కూడా ఉమ్మడి కుటుంబానికి కర్త, అంటే ఆస్తి వ్యవహారాలు చూసే పెద్ద, కావచ్చంది. కోడలిగా వచ్చినావిడకు పుట్టుకతో వచ్చే వాటా లేదు కాబట్టి ఆ హోదా రాదు. చిత్రమేమిటంటే, 2013 ఆహార భద్రతా చట్టం ప్రకారం రేషన్ కార్డులో ఇంటిపెద్ద, ఆడవాళ్లలో అందరికన్నా పెద్దదైన ఆవిడే.

కూతుళ్లు హక్కు వదులుకుంటూ సంతకం పెట్టే రోజున వాళ్లను ఒప్పించేది తరచూ ఈ తల్లే. "అన్నదమ్ములతో పేచీ పెట్టుకుంటే రేపు నీకు పుట్టిల్లెక్కడిదే?" అంటుంది. ఆవిడ టెన్షన్ ఆవిడది, వంతు తిండి పెట్టాల్సింది ఆ కొడుకులే కదా. 2007 వృద్ధుల సంరక్షణ చట్టం కింద, పిల్లలు చూడకపోతే వాళ్లకు రాసిచ్చిన ఆస్తి దస్తావేజు రద్దు చేయించుకోవచ్చు. కాకపోతే ఆస్తి తన పేరున ఉండి, చూసుకోవాలన్న షరతు మీద రాసిచ్చినవాళ్లకే ఆ వీలు.