దేవుడికి నేనెప్పుడు ‘కాయ్’ చెప్పాను?

పెరంబూరు సండే స్కూలు పిల్లలకు,

ఈస్టరుకు ముందొచ్చే ఉపవాస కాలం, లెంట్, మొదలయ్యాక మీలో ఒకరు అడిగిన ప్రశ్న నా దాకా వచ్చింది. “దేవునితో సమాధానపడండని పాస్టరుగారు వారం వారం చెబుతున్నారు. నేను దేవుడికి ఎప్పుడూ ‘కాయ్’ చెప్పలేదు కదా, మరి ‘పళం’ ఎందుకు చెప్పాలి?” తమిళ పిల్లలతో ఆడుకునే మద్రాసు పిల్లలు ఇంకెలా అడుగుతారు! ‘కాయ్’ అంటే నీతో మాట్లాడనని, ‘పళం’ అంటే మళ్లీ కలిసిపోదామని. మా చిన్నప్పుడు పచ్చి, జట్టు అనేవాళ్లం. పచ్చి చెప్పినవాడే ముందొచ్చి జట్టు కట్టాలి. దేవుడి దగ్గర ఈ రూలు చెల్లదు. అది తర్వాత చెబుతాను.

విరిగిన ఎముకకు కట్టే పుత్తూరు నాటు కట్టు మీకు తెలుసుగా? అరక్కోణం నుంచి రేణిగుంటకు పోయే రైలు దారిలో ఉంది ఆ ఊరు. చెన్నైలో కూడా చాలా పేటల్లో ఆ బోర్డు కనిపిస్తుంది. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ. (చెయ్యి విరిగితే ముందు ఎక్స్‌రే తీయించండి, నన్ను సాక్ష్యానికి పిలవకండి.) పిల్లల ఎముక ఒక్కోసారి రెండు ముక్కలవదు. ఒక పక్క చీలి, రెండో పక్క వంగి ఊరుకుంటుంది. పైకి చూస్తే ఏమీ తెలియదు. “ఏం కాలేదమ్మా” అంటాడు పిల్లాడు. స్కూలు బ్యాగు ఎత్తబోతే మాత్రం చెయ్యి లేవదు.

నువ్వు దేవుడితో పోట్లాడకపోవడం కూడా అలాంటిదే. ఆదాము మాత్రం పోట్లాడాడా? చల్లపూట దేవుడు తోటలోకి వస్తే చెట్ల చాటుకు పోయాడు, అంతే. “నీవు ఎక్కడ ఉన్నావు?” అని పిలిచింది దేవుడే. ప్రార్థన చేయాలంటే బద్ధకం, చెప్పిన అబద్ధం అమ్మకు తెలిసిపోతుందేమోనని భయం, తమ్ముడికి మంచి మార్కులొస్తే కడుపులో మంట. బ్యాగు లేవని చెయ్యంటే ఇవే.

విరిగిన ఎముకను అలాగే వదిలేస్తే అతుక్కోదనుకోకండి. అతుక్కుంటుంది, వంకరగా. నొప్పి కూడా పోతుంది. అసలు ప్రమాదం అక్కడే ఉంది. అందుకే ముందు ఎముకను సరైన చోటికి తెచ్చి, ఆ తర్వాతే కట్టు కడతారు. ఎవడి చెయ్యి వాడు లాగి సరిచేసుకోలేడు. కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 5వ అధ్యాయంలో 18 నుంచి 20 వరకు చదవండి. మనల్ని తనతో సమాధానపరచుకున్నది దేవుడే. ఆయన్ని మనం బుజ్జగించాలని అందులో ఎక్కడా లేదు. “దేవునితో సమాధానపడుడి” అని మనల్ని అడిగిందల్లా చెయ్యి చాపమనే. పైగా మనం ఇంకా శత్రువులుగా ఉండగానే ఆయన ఈ పని చేశాడని రోమా 5:10 చెబుతుంది. మనసు నొచ్చినవాడే ముందు వచ్చాడు. చూశారా, మా జట్టు రూలు తలకిందులైంది.

పోలిక ఇక్కడ కుంటుతుంది. కట్టు కట్టేవాడి చెయ్యి విరగదు. శిలువ దగ్గర గాయం వైద్యుడికే, అంటే యేసుకే, తగిలింది. అలా ఎందుకు జరగాలి? బలి అన్నారు, విడుదలకు చెల్లించిన వెల అన్నారు, సాతాను మీద గెలుపు అన్నారు. అన్నిటికీ బైబిల్లో ఆధారం ఉంది, ఏ ఒక్కటీ ఆ సంగతినంతా పట్టలేదు. మంచి శుక్రవారం మూడు గంటల ఆరాధనలో కాళ్లు నొప్పులని గొణగకుండా కూర్చుని, శిలువ మీద యేసు పలికిన ఏడు మాటల్లో మొదటిదాన్ని వినండి. మేకులు కొట్టినవాళ్ల కోసం చేసిన ప్రార్థన అది.

కట్టు కట్టాక మామూలుగా 4 నుంచి 6 వారాలు కదపకూడదు. కొందరు పిల్లలు అతికిందో లేదో చూద్దామని మధ్యలోనే విప్పుతారు. ఒప్పుకున్న తప్పునే రోజూ రాత్రి మళ్లీ తవ్వి “క్షమించావా, నిజంగా?” అని అడిగేవాళ్లు చేసేదీ అదే. విప్పకండి.

కట్టు తీశాక చెయ్యి బిగుసుకుని ఉంటుంది. వంచాలి, చాపాలి. మనుషులతో సమాధానపడటమే ఆ కసరత్తు. మత్తయి 5:23, 24 ప్రకారం, నీ వల్ల నొచ్చుకున్న సహోదరుడు గుర్తొస్తే కానుకను బలిపీఠం ముందే వదిలేసి ముందు అతని దగ్గరికి వెళ్లాలి. ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకునే సంస్కారపు ఆదివారం పొద్దున హడావుడిగా కాదు, శనివారమే వెళ్లండి. చేసిన పని పేరు పెట్టి చెప్పండి. “ఏదైనా తప్పు చేసుంటే సారీ” అనేది ఒప్పుకోలు కాదు. “కానీ నువ్వు కూడా” అన్నారా, కట్టు మీ చేత్తోనే విప్పినట్టు. తీసుకున్నది తిరిగి ఇవ్వండి. లేవీయకాండం 6వ అధ్యాయంలో లెక్క స్పష్టంగా ఉంది: మొత్తం సొమ్ము, దానికి అయిదో వంతు అదనం. అన్న పర్సులో 100 తీస్తే 120 ఇవ్వాలి. ఇచ్చాకే బలి. సుంకం వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు, మీకు 120 చాలు. అవతలివాళ్లు వెంటనే మాట్లాడకపోతే గుమ్మం దగ్గర నిలబడి విసిగించకండి. వాళ్ల ఎముక అతకడానికీ వారాలు పట్టాలి.

ఈ వారం పని: ఫిలేమోను పత్రిక చదవండి. 25 వచనాలే. ఒనేసిము అనే దాసుడు తన యజమాని ఫిలేమోనును విడిచి వచ్చేశాడు. అపొస్తలుడైన పౌలు అతణ్ణి ఫిలేమోను దగ్గరికి తిరిగి పంపుతూ, ఇతను నీకేమైనా బాకీ ఉంటే నా లెక్కలో వేయి, నేనే తీరుస్తానని సొంత చేత్తో రాశాడు. ఫిలేమోను ఏం చేశాడో బైబిలు చెప్పదు. మీరే ఫిలేమోను అయితే తలుపు తీసి మొదట ఏమంటారో ఒక కాగితం మీద రాసి నాకు పంపండి.

మీ
తాతయ్య