కొండ మీద వైద్యం, ఇంట్లో సంసారం: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో ఎమర్జెన్సీ డాక్టర్ని, ఇద్దరు పిల్లల తల్లిని. సీజన్లో ట్రెక్కింగ్ బృందాల వెంట డాక్టర్‌గా హిమాలయాలకు వెళ్తుంటాను. నాకు తరచూ వినబడే మాటలివి.

అపోహ: రోజూ పరిగెత్తేవాళ్లకు ఎత్తు జబ్బు రాదు.
వాస్తవం: ఎత్తు జబ్బంటే ఎత్తైన కొండల మీద గాలిలో ఆక్సిజన్ చాలక వచ్చే జబ్బు. 2,500 మీటర్లు దాటాక ఎవరికైనా రావచ్చు. నిజానికి గట్టి కుర్రాళ్లతోనే నాకు బెంగ ఎక్కువ. గబగబా ఎక్కేస్తారు, తలనొప్పి వచ్చినా బయటపడరు. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటి ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు. మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగాలి. లద్దాఖ్‌లోని లేహ్‌లో విమానం దిగితే ఒక్కసారిగా 3,500 మీటర్లు, కాబట్టి మొదటి రెండు రోజులూ తిరుగుళ్లు వద్దు. మనిషి తూలుతూ నడుస్తున్నా, కూర్చున్నచోటే ఆయాసపడుతున్నా తెల్లారేదాకా చూడొద్దు, వెంటనే కిందికి దించాలి.

అపోహ: కర్పూరం వాసన చూస్తే ఆక్సిజన్ అందుతుంది.
వాస్తవం: కేదార్‌నాథ్, అమర్‌నాథ్ వెళ్లే మనవాళ్ల సంచుల్లో ఇది తప్పక ఉంటుంది. ముక్కు చల్లగా అనిపిస్తుందంతే, రక్తంలో ఆక్సిజన్ పెరగదు. పసివాళ్లు మింగితే మాత్రం ఫిట్స్ రావచ్చు. దయచేసి వాళ్లకు అందనివ్వకండి.

అపోహ: చిన్నపిల్లలకు ఎత్తు జబ్బు రాదు.
వాస్తవం: పెద్దవాళ్లకు వచ్చినట్టే వాళ్లకూ వస్తుంది. మాటలు రాని పాప తల నొప్పెడుతోందని చెప్పలేదు కదా. అన్నం ముద్ద తోసేస్తుంది, ఆట మానేసి ఒళ్లో ముడుచుకుంటుంది, ఊరికే ఏడుస్తుంది. అంత ఎత్తులో ఇవి కనిపిస్తే ఎత్తు జబ్బే అనుకుని దిగిపోవాలి. నా పిల్లల విషయంలోనూ నాది ఇదే లెక్క.

అపోహ: ఈ పనంతా సాహసమే.
వాస్తవం: ఎక్కువగా చూసేది కాళ్ల బొబ్బలు, విరేచనాలు, బెణుకులు.

అపోహ: పిల్లలున్న ఆడవాళ్లకు ఇది కుదరదు.
వాస్తవం: కుదురుతుంది, కానీ ఒక్కరివల్ల కాదు. ఇల్లు గడిచేది ఆసుపత్రి జీతంతోనే. వానలు తగ్గాక మొదలయ్యే ట్రెక్కింగ్ సీజనూ దసరా సెలవులూ ఒకేసారి పడతాయి. అందుకే ఒక ఏడు దసరా ఇంట్లో, మరుసటి ఏడు కొండల్లో అని మావారూ నేనూ ముందే అనుకుంటాం. మా అత్తయ్యగారు ఉన్నారు కాబట్టి నాకు సాగుతోంది. ఆ తోడు లేనివాళ్లకు ఇది తేలికని నేను చెప్పను. ఇంకొకటి, నేపాల్‌లో ఎవరెస్ట్ దారిలో ఉన్న చిన్న విమానాశ్రయం లుక్లాలో మబ్బు పడితే విమానాలు రోజుల తరబడి ఆగిపోతాయి. ఇంట్లో నేను చెప్పే తేదీ టికెట్ మీది తేదీకి మూడు రోజుల తర్వాతది. ముందే వస్తే పిల్లలకు సంబరం, ఆలస్యమైతే ఇంటిల్లిపాదికీ గుబులు. ఆసుపత్రి డ్యూటీ చార్టులోనూ ఆ తేదీనే వేయిస్తాను.