మైసూరు ఏనుగు, బైలాడిలా ఇనుము: భారత్–జపాన్ స్నేహం వెనుక కథ

1943లో టోక్యో మీద బాంబులు పడతాయన్న భయంతో ఉయెనో జూలోని క్రూరమృగాలను చంపేయమని అధికారులు ఆదేశించారు. బోనులు విరిగితే అవి ఊరి మీద పడతాయని వాళ్ల టెన్షన్. ఆ జాబితాలో మూడు ఏనుగులూ ఉన్నాయి. వాటిలో ఒకదానికి విషం కలిపిన బంగాళదుంపలు పెడితే ముట్టలేదు. దాంతో మేత ఆపేశారు. మావటి కనిపించినప్పుడల్లా, ఇంత మేత పెడతాడేమోనని అవి నేర్చిన ఆటలన్నీ చేసి చూపించేవట. చివరికి మూడూ ఆకలితోనే చనిపోయాయి.

యుద్ధం ముగిశాక జూకి వచ్చిన పిల్లలకు ఏనుగే కనబడలేదు. ఒక్క ఏనుగును పంపమంటూ టోక్యో పిల్లలు నెహ్రూకి ఉత్తరాలు రాశారు. ఆయన మైసూరు నుంచి ఒక ఆడ ఏనుగును ఎంపిక చేయించి, దానికి తన కూతురి పేరే పెట్టి ఓడ ఎక్కించారు. 1949 సెప్టెంబర్‌లో 'ఇందిర' టోక్యో చేరింది. చిక్కేమిటంటే దానికి కన్నడం తప్ప మరో భాష తెలియదు. కూర్చోమన్నా, లెమ్మన్నా ఆ మాటల్లోనే చెప్పాలి. ఉయెనో సిబ్బంది మన మావటివాళ్ల దగ్గర ఆ నాలుగు ముక్కలూ నేర్చుకోవాల్సి వచ్చింది.

రెండు దేశాల నేతలు కలిసినప్పుడల్లా ఉపన్యాసాలు బుద్ధుడితో మొదలవుతాయి. 752లో నారా నగరంలోని తోదాయిజీ ఆలయంలో మహాబుద్ధుడి విగ్రహానికి కళ్లు దిద్దింది భారతదేశం నుంచి వెళ్లిన బోధిసేనుడు. అది నిజమే. కానీ ఇవాళ మనం చూస్తున్న స్నేహానికి పునాది అంత పాతది కాదు. ఓడిపోయి, అమెరికా సేనల ఆధీనంలో ఉన్న జపాన్‌తో భారత్ ఎలా మెలిగిందన్న దగ్గరే అది పడింది.

టోక్యోలో జరిగిన యుద్ధ నేరాల విచారణలో కూర్చున్న 11 మంది న్యాయమూర్తుల్లో కలకత్తాకు చెందిన రాధాబినోద్ పాల్ ఒకరు. నిందితులందరూ నిర్దోషులేనని 1948లో విడిగా తీర్పు రాసింది ఆయనొక్కరే. అంతమాత్రాన జపాన్ సైన్యం అకృత్యాలు చేయలేదని ఆయన అనలేదు. యుద్ధం గెలిచినవాళ్లు ఆ తర్వాత రాసుకున్న చట్టంతో ఓడినవాళ్లకు శిక్ష వేయడం న్యాయం కాదన్నారు. జపాన్‌లో ఆయన పేరు చెప్పుకునేవాళ్లలో చాలామంది మొదటి సంగతిని హాయిగా మర్చిపోతారు. ఆ తీర్పుతో తమకు సంబంధం లేదన్నట్టే అప్పటి భారత ప్రభుత్వం వ్యవహరించింది. అయినా 2007లో ప్రధాని షింజో అబే భారత పర్యటనలో పనిగట్టుకుని కోల్‌కతా వెళ్లి పాల్ కుమారుడిని కలిశారు.

1951లో శాన్‌ఫ్రాన్సిస్కోలో శాంతి ఒప్పందం మీద సంతకాలు జరిగాయి. ఆ షరతులు జపాన్‌కు సమాన హోదా ఇవ్వడం లేదంటూ భారత్ ఆ సభకు వెళ్లలేదు. 1952 జూన్ 9న టోక్యోలో విడిగా ఒప్పందం చేసుకుని, యుద్ధ నష్టపరిహారం అక్కర్లేదని రాసిచ్చింది. ఆరేళ్లు తిరిగేసరికి, 1958లో, జపాన్ తన మొట్టమొదటి యెన్ రుణాన్ని భారత్‌కే ఇచ్చింది.

అయితే ఇందులో కృతజ్ఞత ఎంతో, అవసరమూ అంతే. కోలుకుంటున్న జపాన్ ఉక్కు మిల్లులకు ముడి ఇనుము కావాలి. బస్తర్ అడవుల్లోని బైలాడిలా కొండల్లో మేలు రకం ఖనిజం ఉంది. ఏటా 40 లక్షల టన్నులు అక్కడి నుంచి పంపేందుకు 1960లో ఒప్పందం కుదిరింది. మరి కొండల్లోంచి రేవుకు చేర్చడమెలా? అందుకు జపాన్ సాయంతో వేసిందే కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం, మనవాళ్లు కేకే లైన్ అనేది. అనంతగిరి కొండలను తొలుచుకుంటూ, సొరంగం వెనక సొరంగం దాటుకుంటూ, దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున శిమిలిగూడ మీదుగా సాగుతుంది. ఆ దశాబ్దం చివరికల్లా ఖనిజం వ్యాగన్లు విశాఖకు దిగడం మొదలైంది. పెద్ద ఓడలు ఆగేందుకు 1976లో అక్కడ ఔటర్ హార్బర్ కూడా వచ్చింది. అరకు రైల్లో కిటికీ సీటు కోసం పోట్లాడుకునేవాళ్లు ఒక్కసారి ఎదురొచ్చే గూడ్సు బండిని చూడండి. ఆ పట్టాలు వేసింది దాని కోసమే, మన విహారయాత్ర కోసం కాదు.

1982లో సుజుకీ మారుతితో చేతులు కలిపింది. మరుసటి ఏడాది ఆగస్టులో ఉయెనోలో ఇందిర చనిపోయింది. డిసెంబర్‌లో గుర్గావ్ ఫ్యాక్టరీ నుంచి మొదటి మారుతి 800 బయటికొచ్చింది. 1991లో చేతిలో విదేశీ మారకం నిండుకున్నప్పుడు మనం బంగారం కుదువపెట్టింది బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల దగ్గరే.

1998 మేలో పోఖ్రాన్‌లో అణుపరీక్షలు జరిగాయి. హిరోషిమా, నాగసాకిలను చూసిన దేశం ఊరుకుంటుందా? కొత్త రుణాలు, గ్రాంట్లు నిలిపేసింది. 2000లో ప్రధాని యోషిరో మోరి ఢిల్లీ వచ్చి మాటలు కలిపినా, ఆంక్షలు ఎత్తేసింది మాత్రం 2001 అక్టోబర్‌లో. అంతకుముందే మంజూరైన రుణంతో కడుతున్న ఢిల్లీ మెట్రో 2002 డిసెంబర్‌లో పట్టాలెక్కింది. ఆ తర్వాత చైనా బలం పెరిగేకొద్దీ ఢిల్లీ, టోక్యో ఒకరికొకరు మరింత దగ్గరయ్యాయి. ముంబయి–అహ్మదాబాద్ బుల్లెట్ రైలుకు 0.1 శాతం వడ్డీకి, 50 ఏళ్ల గడువుతో జపాన్ అప్పివ్వడానికి ఒప్పుకున్నది ఈ వాతావరణంలోనే.

2016 నవంబర్‌లో పౌర అణు ఒప్పందం కూడా కుదిరింది. అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒడంబడికపై సంతకం చేయని దేశంతో జపాన్ అలాంటి ఒప్పందం చేసుకోవడం అదే మొదటిసారి. దానితోపాటే ఇంకో చిన్న పత్రం మీద కూడా సంతకాలయ్యాయి. అణుపరీక్షలు ఆపుతామన్న 2008 నాటి మాటను భారత్ తప్పితే సహకారాన్ని నిలిపేసే హక్కు తమకుందని జపాన్ అందులో రాయించుకుంది.