పాడేరులో సెంటు భూమి కొనే ముందు: అపోహలు – వాస్తవాలు

లంబసింగిలో చలి మొదలైందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "సార్, పాడేరు దగ్గర అర ఎకరం చూశాం. అడ్వాన్సు ఇచ్చేశాం. కాగితాలు ఒకసారి చూస్తారా?" ఏజెన్సీ, అంటే గిరిజన ప్రాంతాల, భూముల కేసులు చూసే లాయర్‌ని నేను. ఆ ఫోన్ అడ్వాన్సుకు ముందు చేసి ఉంటే ఎంత బాగుండేదో అని ప్రతిసారీ అనిపిస్తుంది.

అపోహ: "అమ్మేవాడు కూడా గిరిజనేతరుడే. ముప్పై ఏళ్లుగా స్వాధీనంలో ఉన్నాడు. కరెంటు బిల్లు, ఇంటిపన్ను రసీదు అన్నీ ఉన్నాయి. గిరిజనుడి దగ్గర కొంటేనే కదా తప్పు!"

వాస్తవం: ఇక్కడ అమ్మేవాడు ఎవరైనా సరే, కొనేవాడు గిరిజనుడై ఉండాలి. లేదంటే గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘం కొనాలి. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనకు 1970లో చేసిన సవరణ ఇదే. జనం 1/70 చట్టం అనేది దీన్నే. అమ్మకం, లీజు, దానం, మార్పిడి, చివరికి వాటి కోసం రాసుకున్న అగ్రిమెంటు కూడా చెల్లదు. పైగా గిరిజనేతరుడి స్వాధీనంలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే చట్టం అనుకుంటుంది. కాదని నిరూపించుకోవాల్సింది అతనే. 1988లో సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని సమర్థించింది. అయినా "త్వరలో ఎత్తేస్తారట" అనే పుకారు ఆగదు. బ్రోకర్లు బతికేదే ఆ పుకారు మీద.

ఒక రిటైర్డ్ దంపతులు నా టేబుల్ మీద వంద రూపాయల స్టాంపు పేపరు పెట్టారు. మీద ఎర్ర నోటరీ ముద్ర, అడుగున రెండు వేలిముద్రలు. సర్వే నంబరు ఉంది, హద్దులు లేవు. రిటైర్మెంట్ డబ్బులో పెద్ద వాటా దానికే పోయింది. ఆవిడ అడిగింది ఒక్కటే: "బాబూ, నోటరీ చేశాక కూడా చెల్లదా?" చెల్లదమ్మా. ఆ ముద్ర సంతకం ఎవరిదో చెబుతుంది, భూమి మీద హక్కు ఇవ్వదు. ఇలాంటి వాళ్లను నేను తప్పుపట్టను. మనవళ్లతో కొండ మీద నాలుగు రోజులు గడుపుదామనుకున్నారు, అంతే.

గిరిజనుడి పేరు మీద బినామీగా కొనమని సలహా ఇచ్చేవాళ్లూ ఉన్నారు. రేపు ఆయన "ఇది నాది" అంటే మీరు కోర్టుకు వెళ్లి అడగలేరు. 1988 బినామీ చట్టం ఆ దారి మూసేసింది.

అపోహ: "ఈ చట్టం ఓట్ల కోసం మొన్న మొన్న పెట్టింది."

వాస్తవం: ఈ మాట వింటే నాకు ఓపిక నశిస్తుంది. దీని మూలం సంతలో ఉంది. కొండల్లోని ఊళ్ల నుంచి పసుపు, పిప్పళ్లు, చింతపండు, అడ్డాకులు మోసుకుని జనం సంతకు దిగేవారు. ఉప్పు, ఎండుచేపలు, బట్ట కొనుక్కుని వెళ్లేవారు. మైదానం నుంచి వచ్చిన షావుకారు తూకం వేసేవాడు, అప్పు పెట్టేవాడు, ఖాతా రాసేవాడు. ఆ ఖాతాలో ఏముందో అప్పు తీసుకున్నవాడికి చదవడం రాదు. వడ్డీ కింద పంట, ఆ తర్వాత పొలం పోయేవి. అందుకే బ్రిటిష్ వాళ్లు కూడా 1917లో ఏజెన్సీ భూ బదలాయింపు చట్టం తేక తప్పలేదు. దళారుల పట్టు తగ్గించడానికి 1956లో గిరిజన సహకార సంస్థ, అదే మన జీసీసీ, వచ్చింది. చట్టాలున్నా భూములు చేతులు మారుతూనే ఉన్నాయి గనకే 1970 సవరణ అవసరమైంది.

"అక్కడంతా ఒకటే తెగ" అంటారు. కాదు, సంత రోజు పాడేరులో నిలబడితే భగతలు, కొండదొరలు, కోందులు, వాల్మీకులు, పోర్జలు, కోటియాలు అందరూ కనిపిస్తారు. "కాఫీ కంపెనీల తోటలు" అంటారు. ఎక్కువ భాగం గిరిజన రైతులవే. సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, ఆ చెట్లకే పాకిన మిరియాల తీగ. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. "లాడ్జిలో దిగినా కేసు పెడతారట" అని అడిగిన వాళ్లూ ఉన్నారు. హాయిగా వచ్చి వెళ్లండి.

తాతల కాలం నుంచి ఇక్కడే ఉన్న గిరిజనేతర కుటుంబాల టెన్షన్ వేరు. 1/70 కింద నోటీసు రాగానే అంతా పోయిందనుకుంటారు. 1970 సవరణకు ముందు గిరిజనేతరుల మధ్య సక్రమంగా జరిగిన అమ్మకాలకు ఆ సవరణ వర్తించదని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. వారసత్వంగా వచ్చింది బదలాయింపు కింద రాదు. అమ్ముకోవాలనుకుని గిరిజనుల్లో కొనేవాళ్లు దొరక్కపోతే, భూమిని ప్రభుత్వానికి అప్పగించి పరిహారం అడిగే వీలు ఆ చట్టంలోనే ఉంది. నోటీసు వస్తే గడువులోగా, ఈ కేసులు విచారించే స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ ముందు హాజరవ్వండి. పాత దస్తావేజుల అసళ్లు వెంట తీసుకెళ్లండి, జిరాక్సులు చాలవు.