ఒన్సెన్ అపోహలు - వాస్తవాలు: బెప్పులో వేడినీళ్ళ దగ్గర పనిచేస్తూ రాస్తున్నా

చదువుకోడానికని జపాన్‌లో బెప్పు అనే ఊరికొచ్చి, ఇక్కడే కన్నవా అనే పేటలో ఓ చిన్న ర్యోకాన్‌లో, అంటే వాళ్ళ పద్ధతి బసలో, ఉద్యోగానికి కుదిరిపోయాను. ఊరంతా వేడినీటి బుగ్గలే, రెండు వేలకి పైనే ఉన్నాయి, ఈ బుగ్గల్నీ, వాటి నీళ్ళతో నడిచే స్నానశాలల్నీ ఇక్కడ ఒన్సెన్ అంటారు, రోడ్డు పక్క కాలవల్లోంచి కూడా ఆవిరి వస్తుంటుంది. పొద్దున్నే నా మొదటి పని తొట్టిలో థర్మామీటర్ పెట్టి చూడ్డం. టోక్యో, ఒసాకాల నుంచి సెలవులకొచ్చే మనవాళ్ళు ఎప్పుడూ ఇవే అడుగుతుంటారు, అందుకే ఒకచోట రాసేస్తున్నా.

అపోహ: బట్టల్లేకుండా దిగాలంట, అందరూ మననే చూస్తారు.

నిజం: బట్టల్లేకుండానే దిగాలి, మామూలుగా స్విమ్‌సూట్ కూడా ఒప్పుకోరు. కానీ ఆడవాళ్ళకి వేరు, మగవాళ్ళకి వేరు. గుమ్మానికి వేలాడే తెర రంగు కాదు, దాని మీద అక్షరం చూసి వెళ్ళండి, కొన్ని చోట్ల రెండు వైపులూ మారుస్తుంటారు. నేను మొదటిసారి వెళ్ళింది తకెగవారా అనే స్నానశాలకి, 1938లో కట్టిన చెక్క భవనం. టవల్ చుట్టుకుని గోడ దగ్గరే నిలబడిపోతే ఓ ముసలావిడ బకెట్ చేతికిచ్చి, తొట్టిలోంచి నీళ్ళు ముంచి ఎలా పోసుకోవాలో తను పోసుకుని చూపించి, మళ్ళీ వెళ్ళి కళ్ళు మూసుకుని కూర్చుంది. అంతే, ఇంకెవరూ నా వైపు తిరగలేదు. అయినా మనసొప్పకపోతే కాషికిరి అని అడగండి, గంట లెక్కన మీ ఇంటివాళ్ళకే విడిగా గది ఇస్తారు.

అపోహ: అంతమంది దిగిన నీళ్ళు, మురికిగా ఉండవా?

నిజం: ఒన్సెన్ తొట్టి ఒళ్ళు రుద్దుకోడానికి కాదు. ముందు బయట చిన్న పీట మీద కూర్చుని సబ్బు పెట్టి, ఒక్క నురగ చుక్క మిగలకుండా కడుక్కోవాలి. మన ఊళ్ళో పీటేసుకుని చెంబుతో పోసుకున్నట్టే. జుట్టు పైకి ముడేసుకోవాలి, చిన్న టవల్ నీళ్ళల్లో ముంచకుండా మడిచి తలమీద పెట్టుకోవాలి. ఇది ప్లీజ్ పాటించండి, అవతల వాళ్ళు కూడా మనల్ని నమ్మే దిగుతున్నారు. ఇక మా దగ్గర బుగ్గ నీళ్ళు దాదాపు మరుగుతూ వస్తాయి, చన్నీళ్ళు కలిపితే పల్చబడిపోతాయని వెదురు కొమ్మల మీంచి ధారగా జార్చి చల్లారుస్తాం, ఆ నీళ్ళు రాత్రీ పగలూ తొట్టిలో పడుతూ అంచు మీంచి పొర్లిపోతూనే ఉంటాయి. కొన్ని చోట్ల ఫిల్టర్ పెట్టి, క్లోరిన్ వేసి తిప్పి వాడతారు, అది తప్పేం కాదు, ఆ సంగతి బోర్డు పెట్టి చెప్తారు.

అపోహ: గీజర్ నీళ్ళే కదా, పేరు మార్చారు.

నిజం: కాదు. 1948 నాటి చట్టం ప్రకారం భూమిలోంచి వచ్చేటప్పుడే 25 డిగ్రీలైనా ఉండాలి, లేదా చట్టంలో రాసిన 19 పదార్థాల్లో ఒకటైనా చెప్పిన మోతాదులో ఉండాలి. మామూలు నీళ్ళు కాచి పెట్టేదాన్ని సెంతో అంటారు, అది వేరు.

అపోహ: ఎంత వేడిగా, ఎంతసేపు ఉంటే అంత మంచిది.

నిజం: నన్ను రోజూ భయపెట్టేది ఇదే. మనవాళ్ళు సిగ్గుకి భయపడతారు, వేడికి భయపడరు, నిజానికి తిరగేసి ఉండాలి. ఓ జనవరి రాత్రి మనబ్బాయే, పాతికేళ్ళుంటాయి, రెండు బీర్లు తాగి 42 డిగ్రీల నీళ్ళల్లో అరగంట కూర్చుని ఒక్కసారిగా లేచాడు, కళ్ళు తిరిగి రాతి అంచు మీద పడ్డాడు, గడ్డం కింద నాలుగు కుట్లు పడ్డాయి. ఆ వేడికి రక్తనాళాలు వెడల్పై బీపీ పడిపోతుంది, మందు తాగితే ఇంకా. కాబట్టి ముందు కాళ్ళ మీద, తర్వాత భుజాల మీద నీళ్ళు పోసుకుని మెల్లగా దిగండి, మొదటిసారి ఐదు నిమిషాలు చాలు, లేచేటప్పుడు అంచు పట్టుకోండి, మంచినీళ్ళు తాగండి. తాగి మాత్రం దిగొద్దు. అమ్మానాన్నల్ని తీసుకొస్తే, వాళ్ళకి బీపీ, గుండె మందులుంటే డాక్టర్ని అడిగే దింపండి, ఒక్కళ్ళనే వదలొద్దు.

అపోహ: అన్ని రోగాలూ పోతాయి. గర్భిణులు అసలు దిగకూడదు.

నిజం: ఒళ్ళు నొప్పులు, అలసట తగ్గుతాయి, నిద్ర బాగా పడుతుంది, షుగర్ మాత్రలు మానేయమని మాత్రం కాదు. బట్టలు మార్చుకునే గదిలో ఆ నీళ్ళల్లో ఏమున్నాయో, ఎవరు దిగకూడదో రాసిన కాగితం ఉంటుంది, ఫోన్‌తో ట్రాన్స్‌లేట్ చేసి చదవండి. దిగకూడని వాళ్ళ జాబితాలోంచి గర్భిణుల్ని 2014లోనే తీసేశారు, అయినా మీ డాక్టర్ని అడగండి, కింద జారుతుంది కూడా.

అపోహ: ఉమి జిగోకులో స్నానం చెయ్యొచ్చు.

నిజం: ఫోటోల్లో నీలంగా కనిపించే ఆ గుండం 98 డిగ్రీలు, చూడ్డానికే.

టాటూ ఉంటే బుక్ చేసేముందే అడగండి, చాలాచోట్ల రానివ్వరు.

చివరిగా నగలు. బెప్పులోనే మ్యోబాన్ అనే పేట వైపు నీళ్ళల్లో గంధకం ఎక్కువ, కోడిగుడ్డు వాసన. ఓ అమ్మగారు పట్టీలు తీశారు గానీ, "మెట్టెలు మాత్రం తియ్యనమ్మా" అన్నారు. సరేనన్నాను. బయటికొచ్చేసరికి నల్లగా బొగ్గులా అయిపోయాయి, ఆవిడ మొహం చిన్నబోయింది. వెండి పాడవలేదండీ, పైపొరే. గిన్నెలో అల్యూమినియం ఫాయిల్ పరిచి, వంటసోడా, వేడినీళ్ళు పోసి, మెట్టెలు ఫాయిల్‌కి తగిలేలా పెడదాం అన్నాను. అప్పుడు ఒక్క నిమిషం తీసిచ్చారు. తెల్లగా వచ్చాయి.